పిల్లల బరువునూ పళ్లనూ ఇంట్లోనే కలిపి చూసుకోవడం ఎలా?

నెల్లూరు, ఒంగోలు వైపు బొద్దుగా ఉన్న పిల్లాణ్ని చూసి దిష్టి తీస్తాం. పాలపళ్లు పుచ్చితే ‘ఎటూ ఊడేవేగా’ అని వదిలేస్తాం. ఈ రెండూ వేర్వేరు సంగతులనుకుంటాం గానీ, చాలా ఇళ్లలో రెండింటికీ మూలం ఒక్కటే: చిరుతిళ్ల తీరు. దాన్ని కనిపెట్టడానికి ఒక నోటుబుక్కు, టేపు, టార్చి, బరువు చూసే మిషన్ చాలు.

ముందు ఎత్తు, బరువు. చెప్పులు విప్పించి, గోడకు ఆనించి నిలబెట్టి కొలవండి. కిలోల్లో ఉన్న బరువును మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగించండి. వచ్చే అంకెనే బీఎంఐ అంటారు. 1.35 మీటర్ల ఎత్తు, 36 కిలోల బరువున్న పదేళ్ల అబ్బాయికి సుమారు 19.8 వస్తుంది. పెద్దవాళ్లకైతే ఇది మామూలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ బీఎంఐ చార్టులో మాత్రం పదేళ్ల మగపిల్లలకు 18.5 దాటితే అధిక బరువు కిందే లెక్క. అందుకే పిల్లల వయసును బట్టి, ఆడపిల్లలకూ మగపిల్లలకూ విడిగా ఉన్న చార్టులోనే చూడాలి. మూడు నెలలకోసారి చూస్తే సరిపోతుంది.

తర్వాత నోరు. పెదవి పైకెత్తి, చిగురు అంచున టార్చి వేయండి. సుద్దలాంటి తెల్ల మచ్చ ఉంటే పుచ్చు మొదలవుతోందేమో అనుకోవాలి. ఈ దశలోనైతే ఇంకా ఆపొచ్చు. గుంట పడితే డాక్టరు దగ్గరికే. ఆరేళ్లప్పుడు, ఏ పన్నూ ఊడకుండానే, చివరి పాలపన్ను వెనక ఒక దవడపన్ను వస్తుంది. అది శాశ్వత పన్ను. పాలపన్నేలే అనుకుని చాలామంది దీన్ని పాడుకానిస్తారు.

కనిగిరి, ఉదయగిరి వైపు వాళ్లకు ఇంకో చిక్కుంది. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న ఊళ్లలో పళ్ల మీద మచ్చలు, అడ్డచారలు కుడిఎడమల ఒకేలా కనిపిస్తాయి. అవి పుచ్చు కాదు, ఎంత రుద్దినా పోవు. సరిగ్గా తోమలేదని పిల్లను తిట్టడం అన్యాయం. తాగే నీళ్లను పరీక్ష చేయించండి. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు.

మూడు రోజులు తిండి రాయండి, అందులో ఒకటి ఆదివారమై ఉండాలి. ఎంత తిన్నారన్నదే కాదు, ఎన్ని గంటలకు తిన్నారన్నదీ రాయాలి. అసలు కిటుకు ఇక్కడే ఉంది. తీపి నోట్లో పడ్డ ప్రతిసారీ అక్కడి సూక్ష్మజీవులు ఆమ్లం తయారుచేస్తాయి. నోరు తేరుకోవడానికి అరగంటో, అంతకంటే ఎక్కువో పడుతుంది. మలై కాజా అన్నంతోపాటు తినేస్తే పళ్లకు ఒక్క దెబ్బే. అదే కాజాను సాయంత్రమంతా కొరుక్కుంటూ తిరిగితే పళ్లకు తెరిపి ఉండదు. ఒంటికి చేరే చక్కెర మాత్రం రెండుసార్లూ అంతే! పళ్లు ఎన్నిసార్లని చూస్తాయి, ఒళ్లు మొత్తం ఎంతని చూస్తుంది. 250 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్‌ను గుక్కగుక్కగా తాగితే రెండు నష్టాలూ ఒకేసారి. అందులో దాదాపు ఆరు చెంచాల చక్కెర ఉంటుంది. ‘బెల్లమే కదా’ అనే మాట కూడా పళ్ల దగ్గర చెల్లదు. బడిలో ఇచ్చే చిక్కీని మాన్పించొద్దు, పల్లీలు బలమే. తిన్నాక నీళ్లు పుక్కిలించమంటే చాలు.

ఇప్పుడు బరువు, పళ్లు, తిండి మూడూ పక్కపక్కన పెట్టి చదవండి. బరువెక్కువ, పుచ్చులూ ఉంటే ముందుగా చిరుతిళ్లనే అనుమానించాలి. బక్కగా ఉన్న పిల్లల విషయంలోనే మనం ఎక్కువ పొరబడతాం. పన్ను నొప్పికి ఒకవైపే నమలడం, మాంసం, చపాతీ పక్కన పెట్టడం, రాత్రి సరిగా నిద్రపోకపోవడం ఉంటే బరువు పెరగదు. టానిక్ కొనేముందు నోరు తెరిపించి చూడండి. పరిశోధనల్లోనూ కొన్నిచోట్ల లావు పిల్లల్లో, కొన్నిచోట్ల సన్నటి పిల్లల్లో పుచ్చులు ఎక్కువగా కనిపించాయి. కాబట్టి ఒంటిని చూసి పళ్ల సంగతి చెప్పలేం.

మార్పులు పెద్దవేం కాదు. తీపి భోజనంతోపాటే, మధ్యలో దాహానికి నీళ్లే. ఉదయం, రాత్రి ఫ్లోరైడ్ పేస్టు బఠాణీ గింజంత వేసి తోమి, మింగకుండా ఉమ్మేయాలి. ఏడెనిమిదేళ్ల దాకా పెద్దవాళ్లే తోమాలి. బరువు తగ్గించాలని పిల్లల కడుపు మాడ్చొద్దు. చాలామందికి బరువు నిలకడగా ఉంటే ఎత్తు పెరిగేకొద్దీ సర్దుకుంటుంది.

పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) వైద్య బృందం బడికి వచ్చినప్పుడు ఈ నోటుబుక్కు పిల్లల చేతికిచ్చి పంపండి. వాళ్లు పళ్లు కూడా చూస్తారు. చిగురు మీద చీముపొక్కు ఉన్నా, రాత్రి నొప్పికి లేస్తున్నా అంతవరకు ఆగకుండా పళ్ల డాక్టరుకు చూపించండి. దవడ వాచి జ్వరం వస్తే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.