మిద్దె తోట మళ్లీ కోలుకోవాలంటే – 4వ పాఠం: ఏ కుండీ మట్టి ఉంచాలి, ఏది పారేయాలి

పోయిన పాఠంలో తెల్ల కాగితం మీద ఆకుల్ని తట్టి చూడమన్నాను కదా, చూసే ఉంటారు. మిరపాకు పైకి దొప్పలా ముడుచుకుంటే తామర పురుగు, కిందికి తిరగేసిన పడవలా ముడుచుకుని కాడ సాగితే నల్లి అని అక్కడే చెప్పుకున్నాం. ఈసారి ఆకులు వదిలేసి మట్టి సంగతి చూద్దాం.

తోట దెబ్బతిన్నాక కొందరు విసుగొచ్చి మట్టంతా పారబోస్తారు, ఇంకొందరు పోయిన మొక్క పీకి అదే రోజు అదే కుండీలో ఇంకో నారు పెట్టేస్తారు. రెండూ తప్పే. మూడో అంతస్తు దాకా మట్టి బస్తాలు మోసినవాళ్లకి ఆ మట్టి విలువ ఏంటో తెలుసు, ఊరికే పారేయబుద్ధి కాదు. నేను చేసింది రెండో తప్పు. రెండేళ్ల కిందట టమాటాలు వాడి చచ్చిన ఆరు కుండీల్లో వంగ నారు పెట్టాను. పూత దాకా బ్రహ్మాండంగా వచ్చింది. ఒక మధ్యాహ్నం ఆకులు వాలిపోయాయి, రాత్రికి తేరుకున్నాయి, మర్నాడు మళ్లీ వాలాయి, నాలుగో రోజుకి ఆకు పచ్చగా ఉండగానే మొక్క నిలువునా వేలాడిపోయింది. ఎండకేమో అనుకుని ఇంకో చెంబు నీళ్లు పోశాను, పక్క కుండీలకి కూడా పాకింది. ఆ ఆరు మొక్కల బాధ మీకు రాకూడదనే ఈ పాఠం ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు గ్లాసు పరీక్ష చేయండి. అప్పుడే వాడిన మొక్క కావాలి, పూర్తిగా ఎండిపోయినదైతే ఏమీ తేలదు. మట్టికి కాస్త పైన కోసి, జానెడు కాండం తీసుకుని, గాజు గ్లాసులో శుభ్రమైన నీళ్లు పోసి, కోసిన మొదలు నీళ్లలో కొంచెం మునిగేలా కదలకుండా పట్టుకోండి. గ్లాసు వెనక వెలుతురు ఉండాలి. నాలుగైదు నిమిషాల్లో కోత దగ్గర్నుంచి పాలలాంటి సన్నటి దారం, అగరొత్తి పొగ తలకిందులుగా దిగుతున్నట్టు, మెల్లగా నీళ్లలోకి జారితే అది బాక్టీరియా ఎండు తెగులు.

దారం కనబడిందంటే ఆ కుండీ మట్టి మీద ఆశ వదులుకోండి. ఆ బాక్టీరియా మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతుంది, టమాటా, వంగ, మిరప ఏది పెట్టినా పట్టుకుంటుంది. ఎండబెట్టి చూద్దాం అనిపిస్తుంది, కానీ మిద్దె మీద నేను దాన్ని నమ్మను. మట్టిని కవర్లో మూటకట్టి పారేయండి, కంపోస్టులో మాత్రం వేయొద్దు. కుండీనీ కత్తెరనీ బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్లతో కడిగి ఎండలో పెట్టండి. ఈ తెగులు నీళ్లతో పాటే పాకుతుంది కాబట్టి, ఆ కుండీ అడుగు నుంచి కారిన నీళ్లు పక్క కుండీల కిందికి వెళ్లాయా లేదా అనేది కూడా చూడండి.

దారం రాలేదా, అయితే వేళ్లు కడిగి చూడండి. గోధుమ రంగుకి తిరిగి, చేత్తో పట్టి లాగితే పై తొక్క ఊడొచ్చి లోపల దారం మిగిలితే వేరుకుళ్లు. చాలాసార్లు అడుగు రంధ్రం మూసుకుపోయి నీళ్లు నిలవడమే దానికి మూలం. వేళ్లకి పూసల దండలా బుడిపెలుంటే నులిపురుగులు, అంటే వేళ్లలో చేరే కంటికి కనబడనంత సన్నటి పురుగులు. ఇక్కడ ఒకటి జాగ్రత్త: చిక్కుడు, అలసంద వేళ్లకి కూడా బుడిపెలుంటాయి, అవి మంచివి, మట్టికి నత్రజని ఇచ్చేవి. గోటితో గీకి చూడండి. మంచి బుడిపె ఊడొస్తుంది, నులిపురుగుదైతే వేరే ఉబ్బింది కాబట్టి ఊడదు, వేరు తెగుతుంది.

బెండలో ఈనెలు పసుపెక్కినా, టమాటా ఆకులు చిన్నవై ముడుచుకుపోయినా అది వైరస్, మోసుకొచ్చింది తెల్లదోమ. మందు లేదు. పొద్దున్నే, దోమ ఇంకా మందకొడిగా ఉన్నప్పుడే మొక్క మీద కవర్ తొడిగి పీకేయండి. మట్టి తప్పేం లేదు, దాన్ని హాయిగా వాడుకోవచ్చు.

ఇక వేరుకుళ్లు, నులిపురుగుల మట్టికి ఎండ చికిత్స. ఏప్రిల్ నెలాఖరులో మొదలుపెడితే రోహిణి కార్తె ఎండలు కూడా కలిసొస్తాయి, మృగశిర నాటికి మట్టి సిద్ధం. పాత వేళ్లన్నీ ఏరేసి, గడ్డలు చిదిమి, గుప్పెట్లో నొక్కితే ముద్దయ్యేంత తడి చేయండి, నీళ్లు కారకూడదు. పొడి మట్టిలో వేడి లోపలికి సరిగా దిగదు, అందుకే తడి ముఖ్యం. కింద ఒక షీట్ పరిచి జానెడు మందం మించకుండా పోసి, పైన పారదర్శకమైన పాలిథిన్ కప్పి, అంచుల మీద గాలి పోకుండా ఇటుకలు పెట్టండి. నల్ల షీట్ వద్దు, ఎండ మట్టి దాకా రాదు. నాలుగు నుంచి ఆరు వారాలు తెరవకండి.

ఆ ఎండకి చెడ్డవాటితో పాటు మంచి సూక్ష్మజీవులూ చాలావరకు పోతాయి, వాటిని మనమే మళ్లీ పెంచాలి. చివరి పది రోజులుండగా 9 కిలోల బాగా చివికిన పశువుల ఎరువు, కిలో వేపపిండి, 200 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి కలిపి, నీడలో కుప్ప పోసి, తడి గోనెసంచి కప్పి ఉంచండి. ట్రైకోడెర్మా ప్రాణమున్న శిలీంధ్రం కాబట్టి ప్యాకెట్ మీద గడువు తేదీ చూసి కొనండి. షీట్ తీశాక మట్టి చల్లారనిచ్చి ఈ ఎరువు కలిపి కుండీలు నింపండి. నులిపురుగుల మట్టి నింపిన కుండీల్లో మొదటి పంటగా కూరగాయ వద్దు, బంతి వేయండి, పూలకి పూలు, నులిపురుగుల అణచివేతకి అణచివేత.

ఈ వారం మీ పని: ప్రతి కుండీ మీద చాక్‌పీస్‌తో రాసుకోండి, ఎండు తెగులుకి ‘ఎ’, కుళ్లుకి ‘కు’, నులిపురుగుకి ‘ను’, వైరస్‌కి ‘వై’. ‘ఎ’ కుండీలు ముందు విడిగా జరపండి. బతికున్న మొక్కలకి వేపనూనె కలిపే పద్ధతి అయిదో పాఠంలో, అప్పటిదాకా పిండినల్లి ఉన్నచోట చీమల బారు ఎక్కడి నుంచి వస్తుందో గమనించి పెట్టుకోండి, అక్కడి నుంచే మొదలుపెడదాం.