మస్టర్డ్ గ్యాస్ బొబ్బలకు కట్టు కట్టే ముందు

మస్టర్డ్ గ్యాస్ అంటే ఒంటిమీద బొబ్బలు తెప్పించే యుద్ధ రసాయనం. అది తగిలినవాళ్ల బట్టలు ముందు తీయించండి, కట్టు సంగతి తర్వాత. 1943 డిసెంబర్ 2న ఇటలీలోని బారి రేవు మీద బాంబులు పడి జాన్ హార్వే ఓడలోని మస్టర్డ్ సముద్రంలో తేలే నూనెలో కలిసింది, ఆ సరుకేమిటో ఆసుపత్రులకు ఎవరూ చెప్పలేదు, దాంతో చాలామందిని తడిసిన బట్టల్లోనే దుప్పట్లు చుట్టి పడుకోబెట్టారు. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

మీ గ్లౌజులు చూసుకోండి. మామూలు లేటెక్స్‌లోంచి మస్టర్డ్ లోపలికి దిగుతుంది, బ్యూటైల్ రబ్బరువి కావాలి. తర్వాత రోగి ఒళ్లంతా సబ్బుతో, బోలెడు నీళ్లతో, గట్టిగా రుద్దకుండా కడగాలి. చంకలు, గజ్జలు మర్చిపోవద్దు, తేమ ఉన్నచోటే ఎక్కువ కాలుతుంది. కళ్లకు నీళ్లు మాత్రమే.

నొప్పి లేదంటున్నాడు కదా అని ఇంటికి పంపకండి, ఎరుపు, బొబ్బలు కొన్ని గంటల తర్వాత బయటపడతాయి. తగిలిన వెంటనే మంట పుట్టిందంటే లూయిసైట్ (బొబ్బలు తెప్పించే మరో యుద్ధ రసాయనం) అని అనుమానించాలి. దానికి బాల్ అనే విరుగుడు ఉంది, మస్టర్డ్‌కి లేదు.

బొబ్బలోని నీటిలో విషం ఉండదు, కాబట్టి కడిగేశాక రోగిని ముట్టుకోవడానికి టెన్షన్ వద్దు. చిన్న బొబ్బల్ని చిదమకండి. పెద్దవి, పగిలినవి డాక్టర్ శుభ్రం చేసి సిల్వర్ సల్ఫాడయజిన్ అనే పైపూత మందు రాస్తారు.

సెలైన్ విషయంలో మాత్రం చాలా జాగ్రత్త: నిప్పు కాలినవాళ్ల లెక్కన ఎక్కిస్తే ఒంట్లో నీరు ఎక్కువైపోతుంది. మస్టర్డ్ వల్ల తెల్ల రక్తకణాలు పడిపోవచ్చు, రోజూ రక్తపరీక్ష చేయించండి.