కుక్కకు టిక్ ఫీవర్ వస్తే: ఇంట్లో చేయవలసినవి, డాక్టరుకు చెప్పవలసినవి

కుక్క ఒక పూట అన్నం ముట్టకపోతే ఎండకు తినడం లేదులే అనుకుంటాం. రెండో పూట కూడా గిన్నె అలాగే ఉంటే కోడిగుడ్డు ఉడకబెట్టి పెట్టి చూస్తాం. మూడో రోజున మనం బండి దిగినా అది లేచి గేటు దాకా రాకపోతే అప్పుడు డాక్టరు గుర్తుకు వస్తారు. మన ప్రాంతంలో కుక్కలను బాగా పీడించే టిక్ ఫీవర్ విషయంలో ఈ మూడు రోజుల ఆలస్యమే ఎక్కువ నష్టం చేస్తుంది. కొన్ని చోట్ల గోమార్లు, కొన్ని చోట్ల పిడుదులు అని పిలిచే రక్తం పీల్చే పురుగుల ద్వారా వచ్చే ఈ జబ్బు, తొందరగా పట్టుకుంటే చాలాసార్లు మాత్రలతోనే లొంగుతుంది. ముదిరితే రక్తం ఎక్కించే దాకా తీసుకుపోతుంది. డాక్టరు మన కుక్కను చూసేది పది నిమిషాలు, మిగతా రోజంతా దాన్ని చూసేది మనం. అందుకే ఏమేమి గమనించాలి, ఎలా రాసిపెట్టుకోవాలి, మందులు ఎలా వేయాలి అన్నవి ఇక్కడ కొంత వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట తెలుసుకోవాలి. టిక్ ఫీవర్ అనేది ఒకే జబ్బు పేరు కాదు. ఎర్లికియా అనే బాక్టీరియా తెల్లరక్త కణాల్లో చేరుతుంది, బబీసియా అనే ఏకకణ జీవి ఎర్రరక్త కణాల్లో చేరి వాటిని పగలగొడుతుంది, అనాప్లాస్మా అనే మరో బాక్టీరియాలో ఒక రకం నేరుగా రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్ల మీద పడుతుంది. ఒకే గోమారి ద్వారా ఇందులో రెండు ఒకేసారి సోకవచ్చు. ఒక్కోదానికి ఒక్కో మందు కాబట్టి పక్కింటి కుక్కకు పనిచేసిన మాత్రలే మన కుక్కకూ పనిచేస్తాయన్న లెక్క తప్పుతుంది.

ఇంట్లో చూడవలసినవి

మొదటిది జ్వరం. ముక్కు తడిగా ఉంటే జ్వరం లేదన్న నమ్మకాన్ని వదిలేసి, కుక్క కోసం విడిగా ఒక డిజిటల్ థర్మామీటరు కొని, దాని మీద పేరు రాసి పెట్టుకోవడం మంచిది. ఒకరు తల దగ్గర కూర్చుని మెడ నిమురుతూ మాట్లాడుతుంటే, మరొకరు థర్మామీటరు కొనకు కొబ్బరినూనె రాసి, తోక ఎత్తి, మలద్వారంలో సుమారు ఒక అంగుళం లోపలికి పెట్టి, బీప్ శబ్దం వచ్చే వరకు కదలకుండా పట్టుకోవాలి. కుక్కకు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ వరకు మామూలు వేడే. మనిషి లెక్కతో చూసి 101 వచ్చిందని కంగారు పడనక్కరలేదు కానీ, విశ్రాంతిగా పడుకున్న కుక్కకు 103 దాటితే దాన్ని జ్వరంగానే తీసుకోవాలి.

రెండోది చిగుళ్ల రంగు. పై పెదవి ఎత్తి, కోరపంటి పైన చిగురును వేలితో నొక్కి వదిలితే అక్కడ తెల్లబడి, రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీ రంగు రావాలి. చిగుళ్లు ముందే సున్నం కొట్టినట్లు పాలిపోయి ఉన్నా, నొక్కిన చోట రంగు తిరిగి రావడానికి ఎక్కువసేపు పట్టినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. నల్ల చిగుళ్లుండే నాటు కుక్కల్లో ఈ పరీక్ష పనికిరాదు కాబట్టి, కింది కనురెప్పను మెల్లగా కిందికి లాగి లోపలి పొర రంగు చూడాలి. కుక్క ఆరోగ్యంగా ఉన్న రోజునే ఈ రెండూ ఒకసారి చూసి ఫోనులో ఫోటో తీసి పెట్టుకుంటే, జబ్బు చేసినప్పుడు పోల్చుకోవడానికి ఆధారం ఉంటుంది.

వీటితోపాటు పొట్ట కింద వెంట్రుకలు పలచగా ఉన్న చోట ఆవగింజంత ఎర్రటి చుక్కలు, ముక్కు నుంచి రక్తం, కాఫీ డికాక్షన్ రంగులో మూత్రం, కళ్లలో పసుపు, నల్లటి మలం, వెనక కాలు ఈడ్చడం, గడ్డం కింద బిళ్లలు కట్టడం వంటివి ఏవి కనిపించినా తేదీతో సహా రాసుకోవాలి. గోమార్ల కోసం వేళ్ల సందులు, చెవి లోపలి మడత, చంకలు, తోక అడుగు, మెడ పట్టీ కింద తప్పక వెతకాలి. ఇప్పుడు ఒంటి మీద ఒక్కటి కూడా దొరకలేదంటే జబ్బు అది కాదని అర్థం కాదు. కుట్టిన గోమారి ఎప్పుడో రాలిపోయి ఉంటుంది. కుట్టిన 8 నుంచి 20 రోజులకు గాని ఎర్లికియా లక్షణాలు బయటపడవు.

ఒక జాగ్రత్త. రేబిస్ టీకా వేయించని కుక్క తినడం మానేసి, చొంగ కారుస్తూ, గొంతు మారి, తీరు మారి కనిపిస్తే నోట్లో చేయి పెట్టి చిగుళ్లు చూసే పని పెట్టుకోకూడదు. దాన్ని విడిగా ఉంచి ముందు డాక్టరుకు ఫోన్ చేయాలి.

జ్వరం ఉంది కదా అని మన మందుల డబ్బా తెరవడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి కుక్క పొట్టలో పుండ్లు పెట్టి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఆస్పిరిన్ ప్లేట్‌లెట్లను పనిచేయనివ్వదు కాబట్టి, అసలే ప్లేట్‌లెట్లు పడిపోయిన కుక్కకు అది రక్తస్రావం తెచ్చిపెట్టగలదు. పారాసిటమాల్ కూడా డాక్టరు చెప్పకుండా వేయకూడదు. ఇంట్లో పిల్లి ఉంటే దానికి ఒక్క మాత్ర చాలు, ప్రాణం పోవడానికి.

ఆసుపత్రిలో

మా ఇంటి నల్ల నాటు కుక్క టైగర్‌ను మొదటిసారి తీసుకువెళ్లినప్పుడు డాక్టరు గారు బల్ల మీద దాని పొట్ట నొక్కి చూస్తూ, “పొద్దున మూత్రం ఏ రంగులో వచ్చిందండీ?” అని అడిగారు. నేను మా ఆవిడ వైపు, ఆవిడ నా వైపు చూసుకున్నాం. రోజూ రెండు పూటలా దాన్ని తిప్పేది నేనే అయినా, అది కాలెత్తినంతసేపూ నేను ఫోను చూసుకుంటూ ఉండేవాణ్ణి. ఆ తర్వాత నుంచి పాత డైరీలో కొన్ని పేజీలు దానికి కేటాయించాను: తేదీ, తిన్నది ఎంత, తాగింది ఎంత, మూత్రం, మలం, వేడి, వేసిన మందు. ఇలాంటి కాగితం, టీకాల పుస్తకం, పాత చీటీలు, నడకలో తేడా ఉంటే దాని వీడియో తీసుకువెళితే ఆ పది నిమిషాలూ ప్రశ్నలకే సరిపోకుండా పరీక్షకు మిగులుతాయి.

మందులు మొదలుపెట్టక ముందే రక్తం తీయించాలి. పూర్తి రక్త పరీక్షతోపాటు గాజు పలక మీద రక్తపు పూత తీసి మైక్రోస్కోపు కింద చూడమని అడగండి. యంత్రం ఒక్కోసారి గడ్డకట్టిన ప్లేట్‌లెట్లను లెక్కించలేక తక్కువ సంఖ్య చూపిస్తుంది. ఆ తేడా పూతలో తెలుస్తుంది, అదృష్టం బాగుంటే బబీసియా కూడా అక్కడే కంటపడుతుంది. కంటపడకపోయినా జబ్బు లేదని అనుకోలేం కాబట్టి, అవసరమైతే డాక్టరు కిట్ పరీక్షో, రక్తంలో క్రిమి జన్యు పదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్షో రాస్తారు. రిపోర్టులో మనం గుర్తుపెట్టుకోవలసిన అంకెలు రెండు. ప్లేట్‌లెట్లు మైక్రోలీటరుకు సుమారు 2 లక్షల నుంచి 5 లక్షల వరకు ఉండాలి. రక్తంలో ఎర్రకణాల శాతాన్ని తెలిపే పీసీవీ సుమారు 37 నుంచి 55 మధ్య ఉండాలి. ఈ రెండింటినీ ప్రతిసారీ తేదీ వేసి ఒకే పేజీలో రాసుకుంటే కుక్క కోలుకుంటున్నదో లేదో మనకే అర్థమవుతుంది. మూత్రపిండాలు, కాలేయం పరీక్షలు కూడా మొదటిసారే చేయించుకోవడం మేలు.

పీసీవీ బాగా పడిపోయి కుక్క ఆయాసపడుతుంటే రక్తం ఎక్కించాలంటారు. అప్పుడు దాత కుక్కను వెతకడం మన పనే అవుతుంది. సాధారణంగా 25 కిలోలు దాటిన, టీకాలన్నీ వేయించిన, వయసులో ఉన్న ఆరోగ్యవంతమైన కుక్క కావాలి, దానికీ టిక్ ఫీవర్ లేదని పరీక్ష చేయాలి. అపార్ట్‌మెంటులోనో వీధిలోనో లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ ఉన్నవారితో ముందునుంచే పరిచయం ఉంటే అర్ధరాత్రి ఫోన్ చేయడానికి మొహమాటం ఉండదు. ప్రైవేటు ఖర్చు భరించలేనివారు, వ్యాధి నిర్ధారణ తేలనివారు పశువైద్య కళాశాలల ఆసుపత్రులకు వెళ్లవచ్చు. హైదరాబాదులో రాజేంద్రనగర్, ఆంధ్రప్రదేశ్‌లో తిరుపతి, గన్నవరం కళాశాలలు ఇటువంటివే. అక్కడ వరుసలో కూర్చోవలసి వస్తుంది కాబట్టి, పొద్దున్నే వెళ్లి, మంచినీళ్లు, పాత దుప్పటి, గొలుసు వెంట ఉంచుకోవాలి.

మందుల రోజులు

ఎర్లికియాకు ఎక్కువగా రాసేది డాక్సీసైక్లిన్. మోతాదు బరువును బట్టి ఉంటుంది. కుక్కను ఎత్తుకుని తూకం యంత్రం మీద నిలబడి, ఆ తర్వాత మన బరువు తీసివేస్తే దాని బరువు వస్తుంది. అంచనాగా చెప్పడం కంటే ఇది నయం. ఖాళీ కడుపున వేస్తే వాంతి చేసుకుంటుంది కాబట్టి అన్నంతో ఇవ్వాలి. అయితే మన ఇళ్లలో మాత్ర అనగానే పెరుగన్నంలో పెట్టి తినిపించడం అలవాటు, అక్కడే చిక్కు. పాలు, పెరుగులోని కాల్షియం ఈ మందు ఒంటబట్టడాన్ని తగ్గిస్తుంది. ఉడికించిన కోడి మాంసం ముక్కలో దాచి పెట్టి, వెంటనే మరో రెండు ముద్దలు తినిపించి నీళ్లు తాగించాలి. లేకపోతే గొట్టం మాత్ర (క్యాప్సూల్) ఆహారనాళంలో అతుక్కుని పుండు పడే ప్రమాదం ఉంది.

ఈ మందు సాధారణంగా 28 రోజులు వాడాలి. చిక్కేమిటంటే, రెండు మూడు రోజుల్లోనే కుక్క లేచి తోక ఊపుతుంది. టైగర్ పదో రోజుకే పిల్లులను తరమడం మొదలుపెట్టింది, మాత్ర చూస్తే మంచం కింద దూరేది, పోనీలే అని నేను ఆపేశాను. నెలన్నర తర్వాత ఒక రాత్రి దాని ముక్కు నుంచి రక్తం కారి వరండా గచ్చు మీద మరకలు కట్టింది. మొదటి రిపోర్టులో లక్ష దగ్గర ఉన్న ప్లేట్‌లెట్లు ఈసారి ముప్ఫై వేలకు పడిపోయాయి. సరిగా నయం కాని ఎర్లికియా నెలల తరబడి, కొన్నిసార్లు ఏళ్ల తరబడి పైకి ఏమీ కనిపించకుండా లోపలే ఉండి, ఎముక మూలుగను దెబ్బతీయగలదు. ఆ దశలో వైద్యం చాలా కష్టం. క్యాలెండరులో 28 గళ్లు చుట్టి, వేసిన పూటకల్లా గీత కొట్టడం ఇంతకంటే తేలిక.

బబీసియాకు వేరే మందులు ఉన్నాయి. రకాన్ని బట్టి ఇమిడోకార్బ్ సూది, లేదా అటోవాక్వోన్, అజిత్రోమైసిన్ కలిపి పది రోజులు ఇస్తారు. ఇమిడోకార్బ్ సూది వేశాక కాసేపు చొంగ కారడం, వాంతి కావడం మామూలే గనుక అరగంట ఆసుపత్రి ఆవరణలోనే ఉండి రావడం మంచిది. డాక్టరు స్టెరాయిడ్ మాత్రలు రాసినట్లయితే వాటిని మనంతట మనం ఒక్కసారిగా ఆపకూడదు.

తిండి విషయంలో పెద్ద నియమాలు లేవు: గుడ్డు, మాంసం, మెత్తటి అన్నం, తినగలిగినంత. మసాలా కూర కలిపిన అన్నం మాత్రం వద్దు, అందులోని ఉల్లిపాయ కుక్క ఎర్రరక్త కణాలను పగలగొడుతుంది. అసలే రక్తం తగ్గిన కుక్కకు అది గోరుచుట్టు మీద రోకటిపోటు. డెంగీకి వాడినట్లు బొప్పాయి ఆకు రసం పట్టమని సలహా ఇచ్చేవారు ప్రతి వీధిలోనూ ఉంటారు. దానివల్ల ఎర్లికియా చావదు, ఆ చేదుకు కుక్క తిన్న నాలుగు ముద్దలు కూడా కక్కేస్తుంది.

గోమార్లు ఉండేది ఇంట్లో

కుక్కకు స్నానం చేయించి గోమార్లు పోయాయనుకుంటే పొరపాటే. మన దగ్గర కుక్కలకు పట్టే గోధుమరంగు గోమారి పిల్ల దశ నుంచి పెద్ద దశ దాకా మూడుసార్లు రక్తం తాగి, మూడుసార్లూ కిందికి రాలిపోతుంది. ఆడది కడుపు నిండి బఠానీ గింజలా ఉబ్బి, గోడ పగుళ్లలోకి, తలుపు చట్రాల వెనక్కి, మంచం సందుల్లోకి పాకి వేల సంఖ్యలో గుడ్లు పెడుతుంది. గుడ్లు పెట్టాక అది చనిపోతుంది గాని, ఇంకా రక్తం దొరకని గోమార్లు ఏమీ తినకుండా నెలల తరబడి అక్కడే కాచుకుని ఉండగలవు. కాబట్టి కుక్క పడుకునే చోటు చుట్టూ గోడ పగుళ్లు సిమెంటుతో పూడ్చడం, దాని గుడ్డలను వారానికోసారి వేడి నీళ్లలో ఉతకడం, పురుగుమందు కొట్టించినప్పుడు నేల పూర్తిగా ఆరే వరకు కుక్కను దూరంగా ఉంచడం కూడా వైద్యంలో భాగమే.

ఒంటి మీద దొరికినదాన్ని చర్మానికి ఆనించి పట్టకారుతో పట్టుకుని, మెలితిప్పకుండా తిన్నగా పైకి లాగి, సబ్బునీళ్ల గిన్నెలోనో స్పిరిట్‌లోనో వేయాలి. గోళ్లతో చిదమకూడదు. కిరోసిన్ రాయడం, అగ్గిపుల్లతో కాల్చడం అసలే వద్దు. పశువులకు వాడే గోమార్ల మందును కొలత లేకుండా నీళ్లలో కలిపి పోయడం వల్ల వణుకుతూ ఆసుపత్రికి వచ్చే కుక్కలు తక్కువేమీ కాదు. పెర్మెత్రిన్ ఉన్న మందులు పిల్లికి విషం. నెలకోసారి ఇచ్చే నెక్స్‌గార్డ్, సింపారికా, ఎక్కువ వారాలు పనిచేసే బ్రావెక్టో వంటి నమిలే మాత్రలు బాగా పనిచేస్తాయి. అయితే మూర్ఛలు వచ్చే కుక్క అయితే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

కోర్సు అయ్యాక రక్తం మరోసారి తీయించి, పాత అంకెల పక్కన కొత్తవి రాసుకోవాలి. అప్పుడు కొందరు కిట్ పరీక్ష కూడా చేయించి, మళ్లీ పాజిటివ్ వచ్చిందని బెంబేలెత్తుతారు. ఆ కిట్ చూపేది చాలావరకు ఒంట్లో తయారైన ప్రతిరక్షకాలను, అవి జబ్బు నయమైన తర్వాత కూడా నెలల తరబడి ఉంటాయి. ప్లేట్‌లెట్లు నిలకడగా ఉండి, కుక్క మామూలుగా తింటూ తిరుగుతుంటే ఆ రెండో గీతను చూసి మందులు తిరిగి మొదలుపెట్టమని డాక్టరును ఒత్తిడి చేయనక్కరలేదు. అనుమానం తీరకపోతే పీసీఆర్ పరీక్ష గురించి అడగవచ్చు.