గడువు అయిపోయినోళ్లకు ఓపెన్ అవుతోంది, దుడ్లు కట్టినోళ్లకు బంద్ అవుతోంది: తప్పు యాడుంది, ఎట్లా సరిచేయాల

అనంతపురంలో ఒక కోచింగ్ సెంటర్‌కి ఆన్‌లైన్ పనులన్నీ నేనే చూసుకుంటాను. కానిస్టేబుల్, డీఎస్సీ, గ్రూప్స్‌కి చదివే పిల్లలు నెలనెలా కట్టి చూసే వీడియోలు, మాక్ టెస్టులు, పీడీఎఫ్‌లు, ఒక టెలిగ్రామ్ చానల్, ఇవన్నీ ఒక వర్డ్‌ప్రెస్ సైట్ మీద మెంబర్‌షిప్ ప్లగిన్, పేమెంట్ గేట్‌వే (ఆన్‌లైన్‌లో దుడ్లు తీసుకునే సర్వీసు), ఒక బాట్ (టెలిగ్రామ్‌లో దానంతటదే పనిచేసే ప్రోగ్రామ్) పెట్టి నడుపుతున్నాము. నెల అయిపోగానే యాక్సెస్ దానంతటదే పోవాల, మళ్లీ కడితే దానంతటదే రావాల, చెప్పుకుంటే ఒక లైను పని, నిలబెట్టేసరికి ఏడాది పట్టింది. జిమ్ములు, స్టడీ హాళ్లు, యోగా క్లాసులకు ఇదే సెటప్ పెట్టుకున్నోళ్లు మన పక్క చానామంది ఉన్నారు, అందుకే రాస్తున్నా.

ఒక మాట ముందే చెప్తాను. గడువు అయిపోయినోడు రెండు రోజులు ఊరికే చూస్తే మనకు పెద్దగా పోయేదేం లేదు. కానీ ఇంట్లో శెనక్కాయలు అమ్మిన దుడ్లతో ఫీజు కట్టిన పిల్లకు ఎగ్జామ్ ముందు రోజు లాక్ పడితే అది నిజంగా అన్యాయం. కాబట్టి తప్పుగా బంద్ అయ్యే కేసులే ఫస్ట్ చూడండి.

"ఈ రోజు దాకా ఉంది కదా సార్, పొద్దున్నే పోయింది"

ఉరవకొండ నుంచి ఒక అమ్మాయి మెసేజ్ పెట్టింది, ఆమె మెంబర్‌షిప్ 31 దాకా, 31 పొద్దున ఐదున్నరకు లేచి వీడియో పెడితే "మీ ప్లాన్ ముగిసింది" అని వచ్చిందంట. స్క్రీన్‌షాట్‌లో పైన టైమ్ 5:34. ముందు నెల మెసేజ్‌లు కూడా వెనక్కి పోయి చూసినా, ఇట్లా కంప్లైంట్ చేసినోళ్లందరూ పొద్దున ఐదున్నర ఆరు మధ్యలోనే పెట్టినారు. అప్పుడు తట్టింది.

కారణం: సర్వర్ యూటీసీ టైమ్‌లో (ప్రపంచమంతా లెక్కకు వాడే టైమ్) నడుస్తుంది, మన టైమ్ దానికన్నా ఐదున్నర గంటలు ముందు. డేటాబేస్‌లో గడువు "31వ తేదీ 00:00" అని ఉంది, అంటే యూటీసీలో 31 మొదలవుతానే ఆమె ప్లాన్ అయిపోయింది, అప్పుడు మన దగ్గర టైమ్ సరిగ్గా పొద్దున 5:30. ఆఖరి రోజుకు కూడా దుడ్లు కట్టింది కానీ ఆ రోజంతా ఆమెకు అందలేదు.

పరిష్కారం: గడువును తేదీగా కాకుండా తేదీ, టైమ్ రెండూ కలిపి పెట్టండి, మన టైమ్‌లో ఆ రోజు రాత్రి 11:59:59 అని లెక్కేసి, యూటీసీకి మార్చి సేవ్ చేయండి, స్క్రీన్ మీద చూపించేటప్పుడు మళ్లీ మన టైమ్‌కి తిప్పండి. సైట్ సెట్టింగ్స్‌లో టైమ్‌జోన్ కోల్‌కతా పెట్టేసినాం కదా అని వదిలేయొద్దు, ప్లగిన్ ఏ టైమ్ వాడుతోందో ఒక టెస్ట్ యూజర్‌ని పెట్టి కళ్లారా చూసుకోండి.

ఇదే లెక్కల్లో ఇంకోటి. జనవరి 31న చేరినోడికి పీహెచ్‌పీలో (వర్డ్‌ప్రెస్ రాసిన కోడ్ భాష) "ప్లస్ వన్ మంత్" అంటే ఫిబ్రవరి 31 అనే రోజు లేదు కాబట్టి మార్చి 3కి పోతుంది, లీపు సంవత్సరం అయితే మార్చి 2. నెల లెక్క మానేసి 30 రోజులు అని పెట్టుకుంటే ఈ గొడవే లేదు, మేము అదే చేసినాం.

రెన్యూ చేసినోళ్లకే పోతోంది

గడువు ఇంకా మూడు రోజులు ఉండంగానే ముందే కట్టేసే మంచి పిల్లలు ఉంటారు, సరిగ్గా వాళ్లకే దెబ్బ తగిలింది. డేటాబేస్‌లో పాత ప్లాన్ ఒక వరుస, కొత్త ప్లాన్ ఇంకో వరుస. మూడో రోజు పాత వరుస ఎక్స్‌పైర్ అయింది, ప్లగిన్ "ఈ యూజర్ రోల్ (చూసే హక్కు) తీసేయ్" అన్నది, కొత్త వరుస బతికే ఉందని చూసుకోలేదు. రెండు కోర్సులు తీసుకున్నోళ్లకు కూడా ఇదే కథ, ఒకటి అయిపోతే రెండూ పోతాయి.

తీసేసే ముందు ఒకే ప్రశ్న అడిగించాల: ఈ మనిషికి ఈ కోర్సు మీద బతికున్న ప్లాన్ ఇంకేదన్నా ఉందా? ఉంటే ముట్టుకోవద్దు. ముందే కట్టినోళ్లకు కొత్త గడువు ఈ రోజు నుంచి కాకుండా పాత గడువు అయిపోయిన కాడి నుంచి కలపండి, లేకపోతే ఆ మూడు రోజులు వాళ్లకు నష్టం.

ఆటోపే పెట్టుకున్నోళ్లది ఇంకో రకం. ఫోన్‌లో యూపీఐ ఆటోపే క్యాన్సిల్ కొట్టినారు అనుకోండి, గేట్‌వే నుంచి "క్యాన్సిల్డ్" అని వెబ్‌హుక్ (గేట్‌వే మన సైట్‌కి దానంతటదే పంపే మెసేజ్) వస్తుంది, మా కోడ్ అది చూసి అప్పటికప్పుడే బంద్ చేసేది. ఆయన క్యాన్సిల్ చేసింది వచ్చే నెల కోతని, ఈ నెలకు కట్టేసినాడు కదా. క్యాన్సిల్ వస్తే "ఇక రెన్యూ కాదు" అని మాత్రం రాసుకుని గడువు తేదీ దాకా ఉండనీయండి. కోత ఫెయిల్ అయినా అదే రోజు తీయొద్దు, అకౌంట్‌లో బ్యాలెన్స్ లేకనో బ్యాంక్ సర్వర్ పడుకునో ఉండొచ్చు, మేము 3 రోజులు గ్రేస్ ఇస్తాం, ఆ మూడు రోజుల్లోనే చానామంది కట్టేస్తారు.

దీనికి ఉల్టా కూడా అయింది, ఒకే పేమెంట్‌కి వెబ్‌హుక్ రెండుసార్లు వచ్చి ఒకాయనకు 60 రోజులు పడినాయి. వెబ్‌హుక్‌లు రెండుసార్లు రావడం మామూలే, మన సర్వర్ లేటుగా జవాబిస్తే వాళ్లు మళ్లీ పంపుతారు. ప్రతి ఈవెంట్ ఐడీ సేవ్ చేసుకుని, వచ్చిందే మళ్లీ వస్తే వదిలేయాల.

గడువు అయిపోయి రెండు రోజులైనా ఓపెన్ అవుతోంది

టైమ్ ప్రకారం పనులు చేయించే క్రాన్ అని వర్డ్‌ప్రెస్‌లో ఒకటి ఉంటుంది, అది గడియారం చూసి నడవదు, సైట్‌కి ఎవరన్నా వస్తేనే నడుస్తుంది. దాని మీద పేజీ క్యాష్ (ముందే తయారుచేసి దాచిన పేజీలు) పెట్టుకుంటే వచ్చినోళ్లకు కూడా క్యాష్ పేజీనే పోతుంది, లోపల పీహెచ్‌పీ లేవదు, క్రాన్ కూడా లేవదు. పండగ రోజుల్లో ఎవరూ చదవరు, అప్పుడు గడువు అయిపోయినోళ్లు అట్లే ఉండిపోతారు.

డబ్ల్యూపీ కాన్ఫిగ్ ఫైల్‌లో "డిసేబుల్ డబ్ల్యూపీ క్రాన్" ట్రూ పెట్టి, హోస్టింగ్ సీప్యానెల్‌లో నిజమైన క్రాన్ జాబ్ 15 నిమిషాలకొకసారి పెట్టండి. ఇది సగం మందే. అసలు మందు ఏందంటే, తీసేసే జాబ్ మీద ఆధారపడకుండా వీడియో ఓపెన్ చేసిన ప్రతిసారీ గడువు తేదీ చూడడం. తేదీ (గ్రేస్ ఇచ్చుంటే అది కూడా) దాటితే లేదు, అంతే. అప్పుడు జాబ్ ఒక రాత్రి నడవకపోయినా తలుపు మూసే ఉంటుంది. యాప్ ఉన్నోళ్లు ఇది మరీ చూసుకోవాల, లాగిన్ టోకెన్‌కి (ఒకసారి లాగిన్ అయినోళ్లకు ఇచ్చే గుర్తు) 30 రోజులు ఇచ్చేసి టోకెన్ ఉంటే చాలు పోనీయ్ అని రాస్తే మెంబర్‌షిప్ పోయినా యాప్‌లో నెలంతా నడుస్తుంది.

పీడీఎఫ్‌ల సంగతి వేరే. అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఉన్న ఫైల్ లింక్ ఎవరికి తెలిసినా లాగిన్ లేకుండానే తెరుచుకుంటుంది, అక్కడ మెంబర్‌షిప్ ప్లగిన్ మాట నడవదు. ఫైల్‌ని బయటికి కనపడని ఫోల్డర్‌లో పెట్టి, చెక్ చేసి ఇచ్చే స్క్రిప్ట్ ద్వారా ఇవ్వండి. ఆల్రెడీ డౌన్‌లోడ్ చేసుకున్నది మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేరు.

టెలిగ్రామ్

ఎక్కువ టైమ్ తిన్నది ఇదే. సైట్‌లో తీసేసినా చానల్‌లో మనిషి ఉంటాడు, ఎందుకంటే టెలిగ్రామ్‌కి మీ సైట్ సంగతి తెలీదు. ఇన్వైట్ లింక్‌కి గడువు పెట్టినాం కదా అంటారు కొందరు, ఆ గడువు లోపలికి వచ్చే దారికే, వచ్చేసినోళ్లను అది బయటికి పంపదు. బాట్‌ని అడ్మిన్ చేసి, యూజర్లను బ్యాన్ చేసే పర్మిషన్ ఇచ్చి, గడువు రోజు బాట్ చేతనే తీయించాల.

తీయించినాక ఇంకో కంప్లైంట్ వచ్చింది: "మళ్లీ కట్టినా సార్, లింక్ కొడితే జాయిన్ కాలేదు." మేము "బ్యాన్ చాట్ మెంబర్" అని పిలిచి వదిలేసినాం, అది ఎప్పటికీ బ్యాన్. బ్యాన్ చేసినాక వెంటనే "అన్‌బ్యాన్ చాట్ మెంబర్" పిలవాల, అప్పుడు బయటికి పోతాడు కానీ మళ్లీ రావడానికి దారి ఉంటుంది.

కొందరు బాట్‌కి అసలు దొరకరు. బాట్ పెట్టకముందు చేరినోళ్ల లిస్ట్ మొత్తం అడిగితే బాట్‌కి ఇవ్వరు, టెలిగ్రామ్ ఐడీ తెలిస్తేనే ఒక్కొక్కరి గురించి అడగొచ్చు. మేము పాత చానల్ వదిలేసి కొత్త చానల్ తెరిచినాం, కట్టినోళ్లందరినీ ముందు బాట్‌లో స్టార్ట్ నొక్కమన్నాం, దాంతో ఐడీలు వచ్చినాయి. లింక్ కూడా జాయిన్ రిక్వెస్ట్ రకం (ఒప్పుకుంటేనే లోపలికి వచ్చేది) పెట్టినాం, లింక్ ఫ్రెండ్‌కి పంపినా బాట్ ఐడీ చూసి ఒప్పుకోదు.

ఫోన్ నంబర్‌తో కలుపుదాం అనుకోవద్దు. మా దగ్గర ఫీజు నాయన ఫోన్‌లోంచి, లేదంటే అన్న ఫోన్‌లోంచి కడతారు, టెలిగ్రామ్ పిల్ల ఫోన్‌లో ఉంటుంది, పైగా బాట్‌కి నంబర్ కనపడదు. కట్టగానే ఒక కోడ్ ఇచ్చి, ఆ కోడ్ బాట్‌లో పెట్టమంటే పేమెంట్, సైట్ అకౌంట్, టెలిగ్రామ్ ఐడీ మూడూ ముడిపడతాయి.

మళ్లీ చేరితే పాత మార్కులు లేవు

ఇది నా తప్పే, ఇప్పటికీ బాధగా ఉంటుంది. మొదట్లో నేను రాసిన స్క్రిప్ట్ గడువు అయిపోయిన యూజర్‌ని డిలీట్ చేసేది. గుత్తి అబ్బాయి ఒకడు రెండు నెలలు పనికి పోయి, దుడ్లు చూసుకుని మళ్లీ చేరినాడు, వాడు రాసిన నలభై మాక్ టెస్టుల మార్కులు ఒక్కటి కూడా లేవు. ఏ సబ్జెక్ట్‌లో వెనకబడినాడో చూసుకునే దారి వాడికి పోయింది. అకౌంట్ ఎప్పుడూ డిలీట్ చేయొద్దు, స్టేటస్ మాత్రం మార్చండి, మార్కులు చూసుకోనీయండి, కొత్త టెస్టులు మాత్రం ఆపండి.

ఏది మార్చినా వెంటనే ఆన్ చేయొద్దు. మూడు రోజులు స్క్రిప్ట్ ఎవరినీ తీయకుండా, ఎవరిని తీయబోతోందో, ఏ కారణంతోనో లిస్ట్ మాత్రం పంపేటట్టు పెట్టుకోండి, పొద్దున టీ తాగుతా ఆ పేర్లు పేమెంట్ లిస్ట్‌తో కలిపి చూడండి. మాకు మొదటి రోజు లిస్ట్‌లో 19 మంది వచ్చినారు, అందులో నలుగురు ముందు రాత్రే కట్టినోళ్లు. ఆ నలుగురు ఎందుకు వచ్చినారో దొరికినాకే మేము ఆన్ చేసినాం. ఇప్పుడు గడువుకు మూడు రోజుల ముందు బాట్ నుంచి ఒక మెసేజ్ పోతుంది: "మీ ప్లాన్ 31 రాత్రి 11:59 దాకా ఉంది. ఇప్పుడు కట్టినా ఆ రోజులు పోవు, వాటి మీదే కలుస్తాయి."