టమాటా గడియారం, తంబురా శ్రుతి: చెదిరే మనసును పనిలో కూర్చోబెట్టడం ఎలా?

నెలలో 20వ తేదీ దగ్గరపడుతుంటే నాకు టెన్షన్ మొదలవుతుంది. నెలనెలా జీఎస్టీఆర్-3బి అనే జీఎస్టీ రిటర్ను వేసేవాళ్లకు అదే ఆఖరు రోజు. తిరుపతిలో చిన్నచిన్న దుకాణాలవాళ్ల లెక్కలు ఇంట్లో కూర్చునే చూస్తుంటాను. ఇల్లు బైరాగిపట్టెడలో. వీధిలో ఆటోల హారన్లు, పక్కింట్లో మిక్సీ, ఎదురింట్లో సీరియల్ ఏడుపులు. బిల్లుల కట్ట విప్పి పది బిల్లులు ఎక్కించేలోపు ఫోన్ మూడుసార్లు చేతిలోకి వచ్చేది. సాయంత్రానికి నడుం నొప్పి మిగిలేది, కట్ట మాత్రం తరిగేది కాదు.

రెండేళ్లుగా గడియారం పెట్టుకుని, వెనకాల సన్నగా సంగీతం పెట్టుకుని పని చేస్తున్నాను. మొదట్లో చాలా తప్పులు చేశాను. మీరు వాటిని మళ్లీ చేయనక్కర్లేదు.

పద్ధతి నాది కాదు. దీని పేరు పొమోడోరో. ఇటాలియన్‌లో ఆ మాటకు టమాటా అని అర్థం. 1980ల చివర్లో ఫ్రాంచెస్కో సిరిల్లో అనే ఇటలీ విద్యార్థి, చదువు మీద మనసు నిలవక, పదే పది నిమిషాలు నిజంగా చదవగలనా అని తనతో తనే పందెం వేసుకున్నాడు. వంటింట్లో వాడే టమాటా ఆకారపు టైమర్‌ను తిప్పి ఎదురుగా పెట్టుకున్నాడు. మొదటి పందెం ఓడిపోయాడు కూడా. మదనపల్లె మార్కెట్లో ధర ఎప్పుడు లేస్తుందో ఎప్పుడు పడుతుందో తెలియక నిద్ర పట్టని మన వైపువాళ్లకు, టమాటా వల్ల ఒకడికి మనసు కుదుటపడిందంటే నవ్వొస్తుంది గానీ, జరిగింది అదే. తర్వాత ఆయన ఖాయం చేసుకున్న లెక్క ఇది: 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం. ఆ ఒక్కో పని విడతే ఒక టమాటా. అలా నాలుగు అయ్యాక 15 నుంచి 30 నిమిషాల పెద్ద విరామం.

ముందు కాగితం, తర్వాత గడియారం

టైమర్ పెట్టే ముందే ఏం చేయబోతున్నారో ఒక్క వాక్యం రాయండి. "లెక్కలు చూడాలి" అని రాస్తే లాభం లేదు. "బట్టల కొట్టు ఆగస్టు అమ్మకాల బిల్లులు 40 ఎక్కించాలి" అని రాయండి. చదివేవాళ్లయితే "పాలిటీ" అని కాకుండా "ప్రాథమిక హక్కులు, ఆర్టికల్ 14 నుంచి 18 వరకు" అని రాసుకోవాలి. ఒక పనికి ఐదు నుంచి ఏడు టమాటాల కంటే ఎక్కువ పట్టేలా ఉంటే దాన్ని ముక్కలు చేయమంటాడు సిరిల్లో. కరెంటు బిల్లు కట్టడం, ఎవరికో మెయిల్ పంపడం లాంటి చిల్లర పనులన్నీ కలిపి ఒక టమాటాలో వేసేయండి.

అదే కాగితం కింది భాగం ఖాళీగా వదలండి. పని మధ్యలో "అయ్యో, ఫలానా అతనికి ఫోన్ చేయాలే" అని గుర్తొస్తుంది. ఫోన్ తీయకుండా ఆ ఖాళీలో రాసి పనిలోకి వచ్చేయండి. నా కాగితంలో ఒకరోజు వరసగా ఉన్నవి: గ్యాస్ బుకింగ్, అల్లం, రేణిగుంట రైలు టైము, అల్లం. అల్లం రెండుసార్లు ఎందుకు గుర్తొచ్చిందో నాకిప్పటికీ తెలియదు. రాసేశాక మాత్రం అవి బుర్రను తొలవవు.

ఫోన్ పక్క గదిలో

దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. టైమర్ కోసం ఫోన్ కావాలంటారా, వంటింటి టైమర్ గానీ అలారం గడియారం గానీ వాడండి. సంగీతం కోసం ఫోనే వాడక తప్పదంటే, పాటలు ముందే దించుకుని, ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, బోర్లించండి. ఆన్‌లైన్‌లో పెట్టుకుంటే శాంతంగా వీణ సాగుతున్నచోట ఒక్కసారిగా పప్పునూనె ప్రకటన మోగుతుంది. ఆ దెబ్బకు పోయిన మనసు మళ్లీ రావడానికి పదినిమిషాలు పడుతుంది.

సంగీతం ఎలాంటిది?

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. నేనూ చేశాను. ఇక్కడ సంగీతం మన చెవులకు విందు కాదు, వీధి చప్పుడుకు అడ్డంగా కట్టే పరదా. పరదా మీద బొమ్మలు మరీ బాగుంటే కళ్లు వాటి మీదే ఉంటాయి.

మాటలున్న పాటలు చదివేటప్పుడూ రాసేటప్పుడూ వద్దు. పుస్తకంలో ఉన్నవీ మాటలే, చెవిలో పడేవీ మాటలే. రెండూ బుర్రలో ఒకే దారిలో గుద్దుకుంటాయి. మనకు అక్కర్లేని మాటలు వినిపిస్తుంటే జ్ఞాపకం పెట్టుకోవడం దెబ్బతింటుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎప్పటినుంచో ప్రయోగాల్లో చూపిస్తున్నారు.

సరే, మాటలు లేకుండా వీణ పెడదామనుకున్నాను. పెట్టింది మా ఇంట్లో అందరికీ నోటికొచ్చిన కీర్తన. వీణ పలుకుతుంటే నా పెదాలు కదులుతున్నాయి. సాహిత్యం తెలిసిన పాటకు వాయిద్యం మీద కూడా సాహిత్యం ఉన్నట్టే. ఆ తర్వాత తెలియని కచేరీ ఒకటి దించుకున్నాను. హాయిగా సాగింది, మృదంగం తని ఆవర్తనం, అంటే తానొక్కటే వాయించే ఘట్టం, అందుకునేదాకా. నా వేళ్లు కీబోర్డు మీద తాళం వేయడం మొదలుపెట్టాయి. 15 అక్షరాల జీఎస్టీ నంబరులో రెండు అంకెలు తారుమారయ్యాయి. ఆ తప్పు మర్నాడు గానీ దొరకలేదు.

చివరికి నాకు కుదిరినవి మూడు. ఒకటి, రాగాలాపన మాత్రమే ఉన్న వేణువు లేదా వీణ. ఆలాపనలో మృదంగం ఉండదు, సాహిత్యం ఉండదు, తొందర ఉండదు. రెండు, తంబురా శ్రుతి. సంగీతం నేర్చుకునేవాళ్ల కోసం ఉచితంగా యాప్‌లు ఉన్నాయి, శ్రుతి ఎంచుకుంటే ఆగకుండా మోగుతూనే ఉంటుంది. మొదటి రెండు నిమిషాలు విసుగ్గా ఉంటుంది, తర్వాత అది ఉందన్న సంగతే మరిచిపోతాం. మనకు కావలసింది ఆ మరుపే. మూడు, వాన చప్పుడు. నాదస్వరం మాత్రం పెట్టకండి, ఎంత గొప్ప విద్వాంసుడిదైనా సరే. ఐదో నిమిషానికి ఆకలేస్తుంది, భోజనాల బంతి కళ్లముందు కనబడుతుంది.

బిల్లులకు పిన్నులు కొట్టడం, ఫైళ్లు సర్దడం లాంటి బుర్ర పెట్టనక్కర్లేని పనులకు మీకిష్టమైన సినిమా పాటలు పెట్టుకోండి, ఎవరొద్దన్నారు? ఇల్లు నిజంగా నిశ్శబ్దంగా ఉంటే మాత్రం ఏదీ పెట్టకండి. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి చదివేవాళ్లకు నిశ్శబ్దాన్ని మించింది లేదు.

చప్పుడు ఎంతలో ఉండాలంటే, పక్కనుంచి ఎవరైనా మామూలుగా పిలిస్తే వినబడాలి. పెద్దవాళ్లకు వారానికి 40 గంటలు వింటే 80 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజంతా చెవిలో ఇయర్‌ఫోన్లు కుక్కుకునేవాళ్లు ఈ అంకె గుర్తుపెట్టుకోండి. కుదిరితే చిన్న స్పీకరే నయం.

గంట మోగకుండా గంట కొట్టించడం

అలారం మోతకు ఉలిక్కిపడేవాళ్లకు ఒక చిట్కా. సంగీతాన్నే గడియారం చేసుకోవచ్చు. చాలా మ్యూజిక్ యాప్‌లలో స్లీప్ టైమర్ ఉంటుంది, పెట్టిన నిమిషాలకు పాట దానంతటదే ఆగుతుంది. ఐఫోన్‌లో అయితే క్లాక్ యాప్‌లో టైమర్‌కు శబ్దం ఎంచుకునేచోట, అన్నిటికంటే కింద స్టాప్ ప్లేయింగ్ అని ఉంటుంది. అది ఎంచుకుని 25 నిమిషాలు పెట్టండి. తంబురా ఆగుతుంది, ఒక్కసారిగా పక్కింటి మిక్సీ వినబడుతుంది. టైము అయిపోయిందన్నమాట.

ఆగిన వెంటనే లేవండి, బిల్లు సగంలో ఉన్నా సరే. సగంలో వదిలితే తిరిగి వచ్చాక ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కునే పని ఉండదు.

ఐదు నిమిషాల్లో ఏం చేయాలి?

ఫోన్ చూడకూడదు. చూస్తే ఐదు నిమిషాలు కాస్తా నలభై అవుతాయి. నేను నీళ్లు తాగి మిద్దె మీదికి వెళ్తాను. తెర చూసేవాళ్లు ప్రతి 20 నిమిషాలకు, 20 అడుగుల అవతల ఉన్నదాన్ని 20 సెకన్లు చూడాలని కంటి వైద్యులు చెబుతారు. 20 అడుగులేం ఖర్మ, మనకు ఏకంగా శేషాచలం కొండలే ఉన్నాయి. తిరుపతిలో మిద్దె ఎక్కినవాడికి చూడడానికి దూరం కరువా?

మొదటిరోజే ఎనిమిది టమాటాలు వద్దు

అలిపిరి మెట్లు ఎక్కినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. మొత్తం 3,550 మెట్లు. గాలి గోపురం దాకా నిలువు ఎక్కుడు. కుర్రాళ్లు మొదట్లో రెండేసి మెట్లు దూకుతారు, కాసేపటికి ఎక్కడో రొప్పుతూ కూలబడి ఉంటారు. మెట్టుమెట్టుకీ పసుపు కుంకుమ పెట్టుకుంటూ వచ్చే అమ్మలు వాళ్లను దాటుకుని వెళ్తారు. మొదటి వారం రోజుకు మూడు టమాటాలు చాలు. 25 నిమిషాలు కూడా కష్టమైతే సిరిల్లోలా పదితో మొదలుపెట్టండి.

మా మేనకోడలు గ్రూప్-2కి చదువుతోంది. నెల తిరిగేసరికి "మామా, 25 చాలడం లేదు, అప్పుడే చదువు పట్టుబడుతుంటే ఆగిపోతోంది" అంది. ఆ అమ్మాయి ఇప్పుడు 50 నిమిషాలు చదివి 10 ఆగుతోంది. అదీ మంచిదే. మాక్ టెస్ట్ రాసేటప్పుడు మాత్రం సంగీతమూ విరామమూ రెండూ వద్దన్నాను. ప్రిలిమ్స్ హాల్లో రెండున్నర గంటలు తంబురా ఎవరూ వాయించరు కదా.

ఇంట్లోవాళ్లతో ఒప్పందం

మధ్యలో ఎవరైనా పిలిస్తే, "పది నిమిషాల్లో వస్తా" అని చెప్పి, కాగితంలో రాసుకుని, అన్నమాట ప్రకారం వెళ్లాలి. రెండుసార్లు వెళ్లకపోతే మూడోసారి ఎవరూ నమ్మరు. నిజంగా లేవాల్సి వస్తే ఆ టమాటా రద్దు. మిగిలిన నిమిషాలు తర్వాత కలుపుకోకుండా మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టండి.

మా అమ్మ ఈ ఒప్పందాన్ని నాకంటే బాగా పట్టుకుంది. నా గదిలో తంబురా ఆగగానే గుమ్మంలో ప్రత్యక్షమవుతుంది. "ఆగిందా నాయనా? గ్యాస్ అబ్బాయి వచ్చి పావుగంటయింది, ఆ ఓటీపీ ఏదో చెప్పు."

అందుకని 20వ తేదీన, ఫోన్లు ఎడతెరిపి లేకుండా వచ్చే రోజున, గ్యాస్ కూడా వచ్చేలా ఉంటే, 15 నిమిషాల టమాటాలే పెట్టుకుంటున్నాను.