సెల్ఫ్ తిరుగుతోంది, బండి అందుకోదు: బానెట్ ఎత్తే ముందు చూడాల్సినవి

"మేస్త్రీ, సెల్ఫ్ కొడతంది గానీ బండి అందుకోట్లేదు. ఓ కొత్త బ్యాటరీ పట్టుకొచ్చెయ్."

నరసన్నపేట హైవే పక్కన షెడ్డు నడుపుతున్న నాకు ఇలాంటి ఫోన్లు మామూలే. నేను మొదట అడిగేది ఒక్కటే: సెల్ఫ్ ఎలా తిరుగుతోంది? ఎప్పటిలాగే హుషారుగా తిరుగుతుంటే బ్యాటరీ తన పని తాను చేస్తున్నట్టే. కొత్తది కొని డబ్బులు తగలేయొద్దు. లోపం పెట్రోలులో ఉండాలి, లేదా పెట్రోలును మండించే ప్లగ్గుకు అందే కరెంటులో ఉండాలి, లేదా ఆ రెండింటినీ నడిపించే కంప్యూటర్‌లో ఉండాలి. అలా కాకుండా ఈడ్చుకుంటూ, మూలుగుతూ తిరుగుతుంటే మాత్రం బ్యాటరీనే అనుమానించండి. నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపించాలి. సెల్ఫ్ తిప్పేటప్పుడు 9.6 కంటే కిందకు పడిపోతే ఇంజిన్ తిరుగుతున్నట్టే కనిపిస్తుంది గానీ కంప్యూటర్‌కు చాలినంత కరెంటు అందకపోవచ్చు.

అసలు పని మొదలుపెట్టే ముందు ఒక మాట. తాళం పట్టుకుని ఆపకుండా తిప్పుతూ ఉండకండి. పది సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టొద్దు, మధ్యలో అర నిమిషమైనా ఆగండి. ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు వచ్చి "ఉండు, నేను చూస్తాను" అని తిప్పేసిన బండి నా దగ్గరకు వచ్చేసరికి బ్యాటరీ కూడా పడిపోయి ఉంటుంది. అప్పుడు ఒక రోగానికి రెండు రోగాలు. నెట్టి స్టార్ట్ చేద్దామనే ఆలోచన కూడా మానుకోండి. సెల్ఫ్ బాగానే తిప్పుతున్న ఇంజిన్‌కు మీ నలుగురూ నెట్టి ఇచ్చేది ఏమీ లేదు. పైగా మండని పెట్రోలు సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే కాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి, అది పాడైతే మోయలేని ఖర్చు.

సాలూరులో లారీల దగ్గర పని నేర్చుకునే రోజుల్లో మా మేస్త్రి స్పానర్ చేతికిచ్చే ముందు వినమనేవాడు. కారుకూ అంతే. ఏసీ, రేడియో కట్టేయండి. తాళం స్టార్ట్ దాకా తిప్పకుండా దాని ముందు మెట్టు మీద ఆపండి. బటన్ బండి అయితే క్లచ్, బ్రేకు తొక్కకుండా రెండుసార్లు నొక్కండి. పెట్రోలు కార్లలో ఎక్కువ వాటికి వెనక సీటు కింద నుంచి రెండు సెకన్ల పాటు 'జుయ్' మని సన్నని శబ్దం వస్తుంది. అది ట్యాంకులోని పెట్రోల్ పంపు. రోడ్డు మీద వినపడదు గానీ తెల్లవారుజామున వాకిట్లో బాగా తెలుస్తుంది.

శబ్దం రాకపోతే ఫ్యూజుల పెట్టె తెరవండి. పంపు ఫ్యూజు ఎక్కడుందో మూత లోపలి వైపు బొమ్మలో ఉంటుంది. ఫ్యూజు బాగానే ఉంటే రిలే చూడండి, అంటే పంపుకు కరెంటు కలిపే చిన్న డబ్బా. చాలా కార్లలో హారన్ రిలేకీ పంపు రిలేకీ ఒకే నంబరు ఉంటుంది. నంబరు కలిస్తే ఆ రెండూ మార్చి పెట్టి చూడండి, పైసా ఖర్చు లేదు. అప్పటికీ పంపు పలకకపోతే ఒకరిని సెల్ఫ్ కొట్టమని, ఇంకొకరు ట్యాంకు అడుగున రబ్బరు చెప్పుతో నాలుగు దెబ్బలు వేయండి. లోపల బ్రష్‌లు అరిగిన పంపు ఆ దెబ్బకు కదిలి బండి ఒక్కోసారి అందుకుంటుంది. అందుకుందని సంబరపడి మధ్యలో టీకి ఆపకండి, తిన్నగా షెడ్డుకు రండి. ఆ పంపు పని అయిపోయింది.

మీటరులో ముల్లు పావు ట్యాంకు చూపిస్తున్నా పాత బళ్లలో నమ్మొద్దు. రెండు మూడు లీటర్లు పోసి చూశాకే మిగతాది. వానాకాలంలో ట్యాంకు నింపిన వెంటనే ఆగిపోయిన బండి అయితే పెట్రోలులో నీళ్లు ఉన్నాయేమో చూడాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. నీరు తగిలితే ఇథనాల్ దాన్ని పట్టుకుని అడుక్కి దిగిపోతుంది, పంపు లాగేది అడుగు నుంచే. కొంచెం గాజు సీసాలో తీసి కదపకుండా పెడితే కింద వేరే పొర తేరుతుంది. బీడీ, సిగరెట్టు వాళ్లను అటు రానివ్వకండి.

పంపు పలికిందా? ఇక మీటరు వైపు చూడండి. తాళం బొమ్మో, కారు మీద తాళం బొమ్మో ఉన్న లైటు గబగబా కొట్టుకుంటుంటే కంప్యూటర్ మీ తాళంలోని చిప్పును గుర్తుపట్టలేదు. ఇంజిన్ అందుకుని రెండు సెకన్లలో ఆగిపోవడం కూడా దాని లక్షణమే. గుత్తిలో మిగతా తాళాలు తీసేసి ఒంటి తాళంతో ప్రయత్నించండి, లేదా ఇంట్లో బీరువాలో ఉన్న రెండో తాళం తెప్పించండి.

తర్వాత ఆర్‌పీఎం ముల్లు. చాలా కార్లలో సెల్ఫ్ తిరుగుతున్నంతసేపు అది కాస్తైనా లేచి ఊగుతుంది. చచ్చినట్టు సున్నా మీదే పడుంటే క్రాంక్ సెన్సర్‌ను అనుమానించండి. ఇంజిన్ తిరుగుతోందని కంప్యూటర్‌కు చెప్పేది అదే. అది చెప్పకపోతే కరెంటూ ఇవ్వదు, పెట్రోలూ వదలదు. ఈ సెన్సర్ వేడికి మొరాయిస్తుంది. పలాస నుంచి రోజూ వచ్చే ఒక టీచరు గారి కారు మే నెలలో టెక్కలి దాటాక ఆగిపోయేది, చెట్టు కింద అరగంట పెడితే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయ్యేది. ఆవిడ చెప్పింది విన్నాక కారు చూడకముందే సెన్సర్ తెప్పించాను. వేడిగా ఉన్నప్పుడు అందుకోదు, చల్లారితే అందుకుంటుంది అనే ముక్క మెకానిక్‌కు తప్పకుండా చెప్పండి.

ముక్కుకూ పని ఉంది. కొంతసేపు సెల్ఫ్ కొట్టాక సైలెన్సర్ దగ్గర పెట్రోలు వాసన గట్టిగా వస్తే పెట్రోలు అందుతోంది, మండడం లేదు. ప్లగ్గులు తడిసిపోయి ఉండొచ్చు. ఇంకో బండికి దారివ్వడానికని చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, నాలుగడుగులు జరిపి, వెంటనే ఆపేసిన కార్లకు ఇది ఎక్కువ. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపెట్టి ఐదారు సెకన్లు సెల్ఫ్ కొట్టండి. చాలా కార్లలో అప్పుడు కంప్యూటర్ పెట్రోలు ఆపేసి గాలి మాత్రమే పంపుతుంది. ప్లగ్గు ఊడదీసి బాడీకి ఆనించి నిప్పురవ్వ చూడటం మాత్రం పాత మారుతీ 800 రోజుల పద్ధతి. ఇప్పటి కాయిల్స్‌తో చేస్తే షాకు కొడుతుంది, కాయిల్ కూడా పోవచ్చు.

ఇప్పుడు బానెట్ ఎత్తండి. కోతల తర్వాత గడ్డిమేటు పక్కన కారు పెట్టేవాళ్లు ముందు ఎలుకల పని వెతకండి: కొరికిన వైర్లు, ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో గడ్డి. కళింగపట్నం, భావనపాడు వైపు కార్లకు ఉప్పుగాలి ఇంకో శత్రువు. ఇంజిన్‌కూ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ వైరు పైకి బాగానే ఉండి బోల్టు కింద తుప్పు పట్టి ఉంటుంది. విప్పి, ఉప్పుకాగితంతో రుద్ది బిగిస్తే చాలాసార్లు పని అయిపోతుంది.

సెల్ఫ్ శబ్దమే మారితే మాత్రం అక్కడితో ఆపండి. మామూలుగా అది 'రుయ్ రుయ్ రుయ్' అని ఆగి ఆగి బరువుగా వస్తుంది. అదే ఒకే తీరున తేలిగ్గా, ఎప్పటికంటే జోరుగా గిర్రున తిరిగితే టైమింగ్ బెల్ట్, అంటే ఇంజిన్ వాల్వులను వేళకు తెరిచి మూయించే పట్టీ, తెగి ఉండొచ్చు. పాత ఆల్టో, పాత శాంత్రోలకు బెల్టే. మారుతీ కె సిరీస్ ఇంజిన్లకు చైను ఉంటుంది, ఆ భయం తక్కువ. తెగిందనిపిస్తే ఇక సెల్ఫ్ కొట్టకుండా తాడు కట్టించండి.

డీజిల్ కారైతే నిప్పురవ్వ ప్లగ్గుల గొడవ లేదు. ట్యాంకు ఖాళీ అయ్యేదాకా నడిపినా, ఫిల్టర్ మార్చినా లైనులో గాలి పడుతుంది. ఫిల్టర్ దగ్గర చేతిపంపు ఉంటే గట్టిపడేదాకా నొక్కండి. కాయిల్ గుర్తు లైటు ఆరాకే, అంటే ఇంజిన్ లోపలి హీటర్లు వేడెక్కాకే సెల్ఫ్ కొట్టడం మా ఎండల్లో పెద్ద విషయం కాదు గానీ, ఎస్.కోట మీదుగా అరకు ఎక్కి చలిలో రాత్రి ఉండేవాళ్లకు అవసరం.

వీటిలో ఏదీ తేలకపోతే స్టీరింగ్ కింద సాకెట్‌కు, కంప్యూటర్ రాసి పెట్టుకున్న లోపాల కోడ్‌లు చదివే స్కానర్ పెట్టాలి. బ్లూటూత్‌తో ఫోనుకు కలిసే చిన్నవి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. పీ0335 వస్తే క్రాంక్ సెన్సర్ దారి, పీ0340 వస్తే క్యామ్ సెన్సర్ (వాల్వులను నడిపే కడ్డీ ఎక్కడుందో చెప్పేది) దారి. కోడ్ వచ్చిందని సెన్సర్ కొనేయకండి, ముందు దాని వైరూ, వైరు తగిలించే కనెక్టరూ చూడండి.

నీళ్లలో మునిగిన కారుకు మాత్రం పైన చెప్పినవేవీ చేయొద్దు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను పలాస వైపు తీరం దాటినప్పుడైనా, వంశధార, నాగావళి పొంగినప్పుడైనా మాట ఒకటే: తాళం తిప్పకండి. సిలిండర్లో చేరిన నీరు నలగదు, కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. వీలైతే బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. నీరు ఎంతవరకు వచ్చిందో బండి మీద గుర్తు కనిపించేలా ఫోటో తీసి, బండి కదిలించక ముందే ఇన్సూరెన్సు వాళ్లకు చెప్పండి. మునిగాక సెల్ఫ్ కొట్టి ఇంజిన్ పాడైతే, ఇంజిన్ ప్రొటెక్ట్ కవర్ లేని పాలసీల్లో ఆ ఖర్చు సాధారణంగా మీ మీదే పడుతుంది.