విదేశంలో పిల్లల బడి: భవనాల కంటే ముందు చూడవలసింది

ఉద్యోగరీత్యా విదేశానికి వెళ్లే తల్లిదండ్రులు అంతర్జాతీయ పాఠశాలల భవనాలనూ ఆటస్థలాలనూ చూడబోయే ముందు, ఆ దేశంలో ఎన్నేళ్లు ఉంటారో, తరువాత ఎక్కడికి మారవలసి రావచ్చో ఆలోచించుకుని, దానికి తగిన సిలబస్‌ను నిర్ణయించుకోవడం మంచిది. 14 ఏళ్లు దాటిన పిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. పదో తరగతి స్థాయి కోర్సు అయిన కేంబ్రిడ్జ్ ఐజీసీఎస్ఈ సాధారణంగా రెండేళ్ల చదువు. ఇంటర్మీడియట్ స్థాయి కోర్సు అయిన ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) డిప్లొమా కూడా రెండేళ్లదే, పైగా అందులో ఆరు సబ్జెక్టులతో పాటు 4,000 పదాలకు మించని పరిశోధన వ్యాసం కూడా రాయాలి. మధ్యలో బడి మారితే అవే సబ్జెక్టులు కొత్తచోట దొరకక, పిల్లలు ఒక ఏడాది వెనక్కి వెళ్లవలసి రావచ్చు. వీలైతే బదిలీని ఈ రెండేళ్లకు ముందో తరువాతో పెట్టుకోండి.

బడివారు తమది ఐబీ పాఠశాల అని చెప్పినంత మాత్రాన సరిపోదు. ఐబీ అధికారిక వెబ్‌సైట్‌లో ఆ బడి పేరు వెతికి, ఏ స్థాయికి అనుమతి ఉందో చూడండి. ప్రాథమిక స్థాయికి అనుమతి ఉన్నంత మాత్రాన డిప్లొమా ఉన్నట్టు కాదు. ‘క్యాండిడేట్’ అని ఉంటే అనుమతి ఇంకా రాలేదన్నమాట, వస్తుందన్న హామీ కూడా ఉండదు.

ఫీజు విషయంలో ప్రవేశ రుసుము, బస్సు, పరీక్షలు, అదనపు ఇంగ్లిష్ తరగతులు అన్నీ కలిపిన మొత్తాన్ని రాతపూర్వకంగా అడిగి తీసుకుని, అందులో మీ సంస్థ ఏవి భరిస్తుందో ఒప్పందంపై సంతకం చేయకముందే తేల్చుకోండి.